ఇద్దరూ ఒక్కరే

ఫారంలో ‘లాస్ట్ నేమ్’ అని ఉంది. లాస్ట్ అంటే చివరిది. ఆ మాత్రం ఇంగ్లిషు బాన్సువాడ బడిలోనే నేర్పారు. మా ఇంట్లో, మా బడిలో, మా ఊరి బజారులో ఎవరు పేరు చెప్పినా ఇంటిపేరు ముందు, మనిషి పేరు చివర. కాబట్టి చివరి పేరు అన్నచోట నా పేరు రాశాను. ఇంటిపేరుకు ‘ఇనీషియల్’ అన్న గడిలో ఒక్క అక్షరం మిగిలింది. ఇందులో తప్పేముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చివరి పేరు అడిగి మొదటిది రాయాలనుకోవడం వాళ్ల తప్పు గాని నాదెలా అవుతుంది!

నాదే అయింది.

అది తొంభైల మొదట్లో. నేను హైదరాబాదులో ఒక ల్యాబులో రోగనిరోధక శాస్త్రంలో, అంటే ఒంట్లోకి జబ్బు చొరబడితే ఒళ్లు దాన్ని ఎలా పసిగట్టి తరుముతుందన్న విషయం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. నా మొదటి పేపరును ఒక విదేశీ పత్రిక అచ్చేయడానికి ఒప్పుకుంది. ఆ పేపరుతో పాటు పంపాల్సిన ఫారం అది. మా గైడు పెద్దాయన, కళ్లకు శుక్లాలు వచ్చి ఉన్నాయి, పైగా నా రాత మీద నమ్మకం. సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టి పంపించేశారు.

అచ్చయిన పత్రిక చేతికి రాగానే బస్సెక్కి బాన్సువాడ వచ్చేశాను. బస్టాండుకు దగ్గర్లో మా బాపు, అంటే మా నాన్న, కిరాయి సైకిళ్ల దుకాణం నడిపేవాడు. ఎవరు సైకిల్ తీసుకున్నా రిజిస్టరులో పేరు రాసుకునేవాడు. ముందు ఇంటిపేరు, తర్వాత పేరు, ఆ తర్వాత గల్లీ. గల్లీకి నలుగురు ఒకే పేరుగలవాళ్లు ఉండే ఊళ్లో ఇంటిపేరు తెలియకపోతే సైకిల్ ఏ గడప ముందు ఆగిందో తెలియదు కదా.

పత్రిక తెరిచి నా పేరు చూపించాను. బాపుకు ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. వేలు పెట్టి చదివి, నా మొహం చూశాడు.

“మనింటిపేరేది?”

“ఇదిగో, ఈ అక్షరమే బాపు.”

“గీ ఒక్కక్షరం జూసి నిన్ను ఎవలు గుర్తువడ్తరు బిడ్డా? గిట్ల రాస్కుంటె నా సైకిళ్లు ఒక్కటన్న వాపసొస్తుండెనా? ఏడని దేవులాడాలె?”

నాకు ముక్కుమీదే కోపం. “ఇవి పేపర్లు బాపు, సైకిళ్లు కావు. విదేశాల్లో ఇట్లనే రాస్తారు,” అని విసుక్కున్నాను. విదేశం మాట దేవుడెరుగు, అప్పటికి నేను హైదరాబాదు దాటి పోయింది లేదు. బాపు నవ్వి, “సరె తియ్, సదువుకున్నదానివి,” అని పత్రికను గుడ్డతో తుడిచి గల్లాపెట్టె మీద పెట్టుకున్నాడు. నూనె చేతులతో పట్టుకున్నందుకు మూలకు ఒక నల్ల మరక పడింది. ఆ మరక ఇంకా ఉంది.

ఆ పేపరుకు పని చేసింది కూడా మా ఊరి పక్కనే. నస్రుల్లాబాద్ వైపు ఒక తండాలో. క్షయ రాకుండా వేసే టీకా కొందరిలో బాగా పనిచేసి కొందరిలో ఎందుకు నీరుగారిపోతుందన్నది మా ప్రశ్న. కడుపులో నులిపురుగులు ఎక్కువగా ఉన్నవాళ్లలో ఒంటి కాపలా మందగిస్తుందేమోనని మా గైడు అనుమానం. తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. ఆ టీకా పడ్డవాళ్ల ముంజేతి మీద సన్న సూదితో చర్మంలోకి చుక్క మందు ఎక్కిస్తారు. కాపలా మెలకువగా ఉంటే మూడో రోజుకు అక్కడ గట్టిగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బును స్కేలుతో కొలవాలి. తర్వాత పురుగుల మందు ఇచ్చి, కొన్ని నెలలాగి, మళ్లీ అదే పరీక్ష చేసి మళ్లీ కొలవాలి. రెండుసార్లూ ఒక గొట్టం నెత్తురు కూడా తీసుకోవాలి.

బాపు తన దుకాణంలో అన్నిటికంటే గట్టి సైకిల్ నాకిచ్చాడు. వెనక క్యారేజీకి ఐస్ డబ్బా పెట్టి పాత ట్యూబుతో బిగించి కట్టాడు. ఐస్‌ఫ్రూట్ తయారుచేసేవాళ్ల దగ్గర ఐసు కొట్టించుకుని, డబ్బా నింపుకుని తండాకు పోయేదాన్ని. నెత్తురు గొట్టాలతో తిరిగొచ్చి మధ్యాహ్నం బస్సుకు హైదరాబాదు పోయేదాన్ని. బస్సులో డబ్బాలో ఏముందని ఎవరైనా అడిగితే పెరుగు అని చెప్పేదాన్ని. నిజం చెబితే పక్కన కూర్చునేవాళ్లు ఉండరు.

పరీక్షకు ఒప్పుకున్న ప్రతివాళ్లకూ ఒక అట్టకార్డు ఇచ్చాం. దాని మీద వాళ్ల నంబరు, ల్యాబు ముద్ర, ఉబ్బు కొలతలు. పేర్లు రాయలేదు. ఎవరి ఒంట్లో ఏముందో ఊరంతా తెలియకూడదని నియమం, అది మంచి నియమమే. తండాలో పదిహేడో నంబరు ఒక ఆడమనిషి. నాకంటే పదేళ్లు పెద్దది. నేను అక్కా అనేదాన్ని, ఆమె చెల్లె అనేది. ఇంట్లో లంబాడీ మాట, నాతో తెలుగు, రెంటిలోనూ నోరు పెద్దదే. మొదటిసారి ఆమె చేయి ఉబ్బలేదు. పురుగుల మందు వేసుకున్నాక రెండోసారి రూపాయి బిళ్లంత ఉబ్బింది. అది చూసి నామీద ఇంతెత్తున లేచింది.

“పోయినసారి ఏం గాలె. గిప్పుడు దద్దు లేసింది. ఏం జేసినవ్ నన్ను?”

“మంచిదే అక్కా! ఇట్లా ఉబ్బితేనే మంచిది.”

“ఉబ్బుడు మంచిదా? ఎవలు జెప్పిన్రు నీకు?”

“అన్నీ లెక్కగట్టినాక తెలుస్తుంది. ఫలితం రాగానే నేనే వచ్చి చెప్తా.”

“వస్తవా?”

“వస్తా.”

ఫలితం వచ్చింది. పేపరు అచ్చయింది. బాపు దుకాణం దాకా వెళ్లి చూపించాను గాని, అక్కడి నుంచి సైకిల్ మీద తండాకు పోవాలని నాకు తట్టలేదు. అంత పొంగిపోయి ఉన్నాను.

పీహెచ్‌డీ అయ్యాక ఇంకో రాష్ట్రంలో ఒక ల్యాబులో చేరాను. అక్కడి పెద్ద నా పేరు చూసి, లాస్ట్ నేమ్ అంటే ఇంటిపేరు, నీకు ఆ మాత్రం తెలియదా అని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటి నుంచి ప్రతి పేపరులో ఇంటిపేరు పూర్తిగా రాసి, నా పేరును ఒక్క అక్షరం చేశాను. మరి పాత పేపరు సంగతేమిటని ఆలోచించానా? లేదు. ఒంట్లో కణాలు తనవాటినీ పరాయివాటినీ ఎలా గుర్తుపడతాయో పగలంతా చదువుతూ, నన్ను నేను రెండుగా కోసుకున్న సంగతి పట్టించుకోలేదు.

పదేళ్లు దాటాయి. రెండువేల సంవత్సరం తర్వాత హైదరాబాదుకే తిరిగొచ్చి ఒక పరిశోధనా సంస్థలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. ఏటేటా కొత్త కాగితం, ఏటేటా కొత్త భయం. చివరికి ఒక పర్మనెంట్ పోస్టు పడింది. నేను రాసిన పేపర్ల జాబితా ఇమ్మన్నారు. ఒక్కోదానికీ ఎన్ని సైటేషన్లు వచ్చాయో కూడా రాయాలి. సైటేషన్ అంటే వేరేవాళ్లు తమ పేపరులో మన పేపరు పేరు పెట్టి, ఫలానా సంగతి వీళ్లు చెప్పారు అని ఒప్పుకోవడం. ఫోనులో బాపుకు ఇదే చెబితే రెండు నిమిషాలు ఆలోచించి, “అంటె నీ సైకిల్‌ను ఎంతమంది తీస్కపోయి తొక్కిన్రన్న లెక్క. గంతేనా?” అన్నాడు. ఇంతకంటే బాగా చెప్పినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

ఆ లెక్కన నా తర్వాతి పేపర్లన్నీ దుకాణంలోనే తుప్పుపడుతున్న సైకిళ్లు. ఒకరిద్దరు తప్ప ఎవరూ తొక్కలేదు. ఆ మొదటి పేపరు మాత్రం దేశదేశాలు తిరిగింది. పురుగులు, టీకాలు అనే విషయం మీద పనిచేసేవాళ్లు చాలామంది దానితోనే మొదలుపెట్టేవారు. అందుకే జాబితాలో మొదట దాన్నే పెట్టాను. ఇంటర్వ్యూకు ధైర్యంగా వెళ్లాను.

కమిటీ పెద్ద కంప్యూటరు నుంచి తీసిన కాగితం ఒకటి ముందు పెట్టుకున్నారు. దాని మీద నా ఇంటిపేరుంది.

“అమ్మా, మీరు మొదట రాసిన ఈ పేపరు మీ పేరు కింద లేదే.”

“నాదేనండి. అందులో పేరు అటూ ఇటూ అయింది.”

“ఆ రెండో పేరు కింద కూడా వెతికించాం. ఆ పేరుగల వ్యక్తి సిమెంటు గట్టిదనం మీద చాలా పేపర్లు రాశారు. అవీ మీవేనా?”

నలుగురూ నవ్వారు. నా పేరు మన రాష్ట్రంలో బజారుకు పదిమందికి ఉంటుంది. ఇంటిపేరు మొదటి అక్షరం కూడా కలిసిన ఇంజనీరు ఎక్కడో ఉన్నారు. కంప్యూటరు నా పేపరును తీసుకెళ్లి ఆ సిమెంటు మనిషి ఖాతాలో వేసింది. ఇంటిపేరు లేని సైకిల్ ఎవరి గడప ముందు ఆగిందో ఆ రోజు తెలిసింది నాకు.

మీ గైడును అడుగుదామన్నారు. ఆయన పోయి మూడేళ్లయింది. ఆ పేపరు మీద ఉన్నవి రెండే పేర్లు, ఆయనదీ నాదీ. ఆ ల్యాబు ఎత్తేశారు, కాగితాలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. థీసిస్ చూపిద్దామంటే అందులో ఉన్నదంతా ఎలుకల మీద చేసిన పని. తండా పని వేరుగా ఉండనీ అని గైడే పక్కన పెట్టించారు. నా దగ్గర అచ్చుకాగితం ఉంది, నూనె మరక ఉంది. అంతే.

కమిటీ పెద్ద కోపిష్టి మనిషేం కాదు, నెమ్మదిగానే చెప్పారు. నెలలోపు రుజువు తెస్తే సరే. తేకపోతే ఆ పేపరు జాబితాలోంచి తీసేస్తారు. తీసేసి ఊరుకోరు. వేరొకరి పనిని తనదిగా రాసుకుంది అని ఫైలులో రాయక తప్పదు. అలా రాశాక పోస్టు మాట అటుంచి, ఉన్న కాంట్రాక్టు కూడా ఉండదు. నేను బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం పోతే పోయింది, దొంగ అంటారా నన్ను!

ఆఫీసులో కాగితాలు చూసే పెద్దమనిషి ఒకాయన నా వెనకే వచ్చాడు. “మా నాన్నగారి పెన్షనప్పుడు ఇలాగే అయిందమ్మా. మీ ఊరి ఎమ్మార్వో ఆఫీసు నుంచి ‘ఇద్దరూ ఒక్కరే’ అని సర్టిఫికెట్ తెచ్చుకోండి. ఈ పేరు మనిషీ ఆ పేరు మనిషీ ఒక్కరే అని రాసిస్తారు. దాంతోపాటు ఆ పని చేసింది మీరే అని ఆనాటి కాగితం ఒక్కటి. ఒక్కటి చాలు.”

మర్నాడు పొద్దున బాన్సువాడ బస్సెక్కాను.

ఎమ్మార్వో ఆఫీసులో గుమస్తా నా అర్జీ రెండుసార్లు చదివాడు. చదివి, నన్ను ఎగాదిగా చూశాడు.

“గీ రెండు పేర్లు ఒక్కటే గద మేడం. ముందుదెనుకకు అయింది, ఎనుకది ముందుకయింది. పట్టాల పేరు తప్పువడితె సర్టిఫికెట్ అడుగుతరు. మొగడు సచ్చి పింఛన్ రాకపోతె అడుగుతరు. దీనికేంది?”

“హైదరాబాదులో నమ్మడం లేదండి.”

“పెద్ద సదువులోల్లు గద, నమ్మరు,” అని జాలిపడ్డాడు. “సరె, ఇద్దరు సాక్షులను పట్కరా. నిన్ను ఎరిగినోల్లు ఉండాలె. ఇంటోల్లు పనికిరారు.”

ఒక సాక్షి వెంటనే దొరికాడు. బడిలో నాకు తెలుగు చెప్పిన సారు రిటైరై ఊళ్లోనే ఉన్నారు. సంగతి విని ఆయన చేతికర్ర నేలకు తాటించారు. “ఇంటిపేరును ముక్క చేసి రాశావా? బడి రిజిస్టరులో నీ పేరు నా చేత్తో నిండుగా రాస్తినే! చెవి మెలిపెట్టే వయసు దాటిపోయావు, బతికిపోయావు పో.” వస్తానన్నారు.

రెండో సాక్షి ఎవరని బాపు దుకాణంలో కూర్చుని తల పట్టుకున్నాను. కిరాయి సైకిళ్ల కాలం అయిపోయి బాపు అప్పటికి మోటారు సైకిళ్లకు పంక్చర్లు వేస్తున్నాడు. చేతిలో పని ఆపకుండానే అన్నాడు.

“తండల ఆమె ఉన్నది గద. నువ్వు నెత్తురు దీసినావె. బజారుకొచ్చినప్పుడల్ల నా దుకాణంల కూసుంటది. నీ బిడ్డ వస్తనన్నది, రాలే అని ప్రతిసారి యాది జేస్తది.”

“ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదు బాపు?”

“చెప్తె ఏమంటవ్? తీరిక లేదంటవ్.”

నిజమే, అదే అనేదాన్ని.

బాపు మోపెడ్ వెనక కూర్చుని తండాకు బయల్దేరాను. ఇన్నేళ్లకు పోవడం, అదీ నా అవసరానికి. ఏ మొహం పెట్టుకుని పోతున్నానో నాకే తెలియదు. కాలవ దాటి మట్టి బాటలోకి తిరిగేసరికి, ఇంకాస్త మెల్లగా పోనీ బాపు అన్నాను. మోపెడ్ అప్పటికే నడిచే మనిషికంటే మెల్లగా పోతోంది.

ఆమె ఇంటి ముందు కూర్చుని చాటలో బియ్యం చెరుగుతోంది. జుట్టు సగం తెల్లబడింది. మోపెడ్ చప్పుడుకు తలెత్తి చూసి, మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

“వచ్చినవా? ఫలితం వచ్చినంక వస్తనంటివి. గిప్పుడే వచ్చిందా?”

ఆ మాటతో నేను అనుకుని వచ్చినవన్నీ మరిచిపోయాను. “తప్పయింది అక్కా,” అన్నాను. బాపే నా అవస్థంతా చెప్పాడు. పేరు తారుమారు కావడం, సిమెంటు మనిషి, దొంగ అనబోవడం, అన్నీ. ఆమె చాట పక్కన పెట్టి, మొదటి నుంచి మళ్లీ చెప్పమంది. సిమెంటు దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“అంటె నువ్వు నువ్వే అని నేను చెప్పాలె.”

“అవునక్కా.”

“ఉండు.” లోపలికి పోయింది. ట్రంకుపెట్టె మూత చప్పుడైంది. ప్లాస్టిక్ కవరులో చుట్టిన అట్టకార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది.

పదిహేడో నంబరు. అంచులు నలిగిపోయాయి గాని రాత చెక్కుచెదరలేదు. రెండు తారీఖులు, రెండు కొలతలు, నా చేతిరాత. ల్యాబు ముద్ర, గైడు సంతకం. ‘పరిశోధకురాలు’ అన్నచోట టైపు చేసిన ఇంగ్లిషు పేరు, పేపరులో ఉన్నట్టే, ఒక్క అక్షరమూ నా పేరూ. దాని పక్కనే తెలుగులో నా సంతకం, ఇంటిపేరుతో సహా నిండుగా. ఇద్దరూ ఒకే గీత మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. అక్కడే చాప మీద కూర్చున్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు. బడిపిల్లలా వెక్కివెక్కి ఏడ్చాను.

“ఏ, కార్డు తడుస్తది! ఇటియ్యి,” అని ఆమె నా చేతిలోంచి లాక్కుంది.

“ఇన్నేళ్లు ఎట్లా దాచావక్కా?”

“దాస్కోకపోతె ఎట్ల? దవాఖానల గిది జూపిస్తె లైన్ల నిలవెట్టకపోదురు. ముద్ర ఉన్నది గద. నేనే గాదు, మా తండల సగం మంది గీ కార్డు మీదనే సూదులు ఏయించుకున్నరు. వాపస్ తెచ్చిస్తరు, మల్ల పెట్టెల పెడ్త.”

బాపు పగలబడి నవ్వాడు. “చూసినవా బిడ్డా! నీ పేపర్ కంటె గా కార్డే ఎక్కువ తిరిగింది.”

ఏడుస్తున్నదాన్ని నేనూ నవ్వేశాను. నవ్వు ఆగాక ఆమె నా ఎదురుగా కూర్చుంది. మొహంలో నవ్వు లేదు.

“ఇగ చెప్పు. నా చెయ్యి ఎందుకు ఉబ్బింది?”

ఎన్నో సభల్లో ఎంతోమంది ముందు చెప్పిన సంగతే. ఆమెకు చెప్పడానికి మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. “అక్కా, నీ ఇంటికో కుక్క ఉందనుకో. రోజూ ఇంట్లోనే తిరిగే దొంగను చూసి చూసి అది మొరగడం మానేస్తుంది. అలవాటయిపోతుంది. కడుపులో పురుగులు అట్లాంటివి. వాటికి అలవాటుపడ్డ ఒళ్లు టీకాను కూడా పట్టించుకోదు. మందుతో పురుగులు పోయాక కుక్క మళ్లీ మొరిగింది. నీ చెయ్యి ఉబ్బింది అందుకే. నీ ఒళ్లు మేలుకుంది అన్నమాట, రోగమేం కాదు. ఇప్పుడు ఎక్కడెక్కడి వాళ్లో టీకాలు ఎందుకు పనిచేయడం లేదో చూడాలంటే ముందు మన తండా సంగతి చదువుతారు.”

ఆమె తన ముంజేయి తిప్పి చూసుకుంది. అక్కడేమీ లేదు.

“గిది చెప్పనీకె గిన్నేండ్లు పట్టిందా నీకు?”

“పట్టింది.”

“నాకు ఏదో రోగం ఉన్నదని, చెప్పలేక నువ్వు రాలేదని అనుకున్న. ఎన్నేండ్లు బుగులువడ్డనో తెలుసా?”

ఇన్నేళ్లలో నేను నా పేరు ఎక్కడెక్కడ అచ్చయిందో చూసుకుంటూ ఉన్నాను. ఈమె తన చేయి చూసుకుంటూ ఉంది. క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది. ఆమే తేలికపడింది, పెద్దగా ఊపిరి వదిలింది. “పోనియ్. రోగం లేదన్నవ్ గద, సాలు. ఇగ నాకేం ఫికర్ లేదు.” చాటలో బియ్యం డబ్బాలో పోసి లేచింది. అడుగు వేయబోయి ఆగింది.

“నా పేరు రాసినవా అండ్ల?”

“లేదక్కా. నంబరే రాస్తాం. పేర్లు రాయకూడదు.”

“ఓహో. నీ పేరు ఒంకర వడ్డదని నా పానం మీదికి వస్తివి. నా పేరు అసలుకే లేదు.” తిట్టలేదు, ఎగతాళిగానే అంది. “సరె, సాక్షానికి వస్త. గా కాగితంల మాత్రం నా పేరు మొత్తం రాయాలె.”

మర్నాడు ఎమ్మార్వో ఆఫీసుకు కొత్త చీర కట్టుకుని వచ్చింది. తెలుగు సారు, ఆమె పక్కపక్కన నిలబడ్డారు. గుమస్తా ఆమె పేరు అడిగితే ఇంటిపేరుతో మొదలుపెట్టి, పేరు, భర్త పేరు, తండా పేరు ఒక్కొక్కటే ఆగి ఆగి చెప్పింది. రాశాక చదవమంది. చదివాడు. మళ్లీ చదవమంది.

“ఇంకెన్నిసార్లు చదవాలె? వేలిముద్ర ఏస్తవా?”

“ఎందుకేస్త? సంతకం వెడ్త. రాత్రిబడోల్లు సదువులు నేర్పనీకె తండకు వచ్చినప్పుడు నేర్చుకున్న.”

అక్షరం అక్షరం కూర్చి సంతకం పెట్టింది. సారు వంగి చూసి, దీర్ఘం మరిచిపోకుండా పెట్టినందుకు భేష్ అన్నారు. ఈ పేరుగల స్త్రీ, ఆ పేరుగల స్త్రీ ఇద్దరూ ఒక్కరే అని రాసి, ముద్ర వేసి కాగితం నా చేతికిచ్చారు. కార్డు కూడా అడిగాను. ఆమె వెంటనే ఇవ్వలేదు.

“వాపస్ తెస్తవా? పోయినసారి లెక్కనేనా?”

“తెస్తా. ఒట్టు.”

“లైన్ల నిలవడుడు నాతోటి గాదు. యాది వెట్టుకో.”

హైదరాబాదులో కమిటీ పెద్ద ఆ కార్డును భూతద్దం పెట్టి చూశారు. టైపు పేరు, తెలుగు సంతకం, మా గైడు సంతకం. తెలుగు చదవగలిగిన ఒకాయన పైకి చదివి వినిపించారు. “సరే అమ్మా. ఇద్దరూ ఒక్కరే,” అన్నారు పెద్ద, నా మొహం చూసి నవ్వుతూ. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. పేపరు నాదే, పోస్టూ నాదే. ఆ ఉత్తరం చదివాక నాకు ఆకలేసింది. నెల రోజుల్లో మొదటిసారి అన్నం రుచి తెలిసింది. ఆవకాయ కలుపుకుని రెండుసార్లు వడ్డించుకు తిని, పట్టపగలు కాళ్లు బారజాపుకుని నిద్రపోయాను. లేచి బాపుకు ఫోను చేశాను.

“ఇద్దరూ ఒక్కరేనట బాపు.”

“గది నాకెర్కనే గద,” అన్నాడు.

పేపర్ల లెక్కలు చూసే ఆ కంప్యూటరు వాళ్లకూ రాశాను. చాలా నెలల తర్వాత రెండు పేర్లనూ కలిపేశారు. కలిపినప్పుడు ఆ సిమెంటు పేపర్లు కూడా వచ్చి నా ఖాతాలో పడ్డాయి. కొన్నాళ్లు నేను కాంక్రీటు మీద కూడా పండితురాలిని. ఆ ఇంజనీరు ఎవరో ఎక్కడ తల పట్టుకుని కూర్చున్నారోనని భయమేసి, మళ్లీ ఉత్తరం రాసి తీయించాను.

అది తర్వాతి సంగతి. ఉద్యోగం ఉత్తరం వచ్చాక మొదటి ఆదివారమే బాన్సువాడ బస్సెక్కాను. బస్సులోనే కార్డు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఆ పరిశోధన కాగితాల్లో ఆమె పేరు ఎక్కడా లేదు. నంబరు దేశదేశాలు తిరిగింది. పేరు మాత్రం నా సర్టిఫికెట్లో సాక్షి దగ్గర ఒక్కచోటే ఉంది. కార్డు వెనక కొంచెం ఖాళీ ఉంది. పెన్ను తీసి, బస్సు ఆగినప్పుడల్లా ఒక్కో మాట చొప్పున రాశాను.

తండాలో ఆమె గుమ్మం ముందే ఎదురొచ్చి చెయ్యి చాచింది. కార్డు ఇచ్చాను. వెనక్కి తిప్పి చూసి, “గిదేంది? సదువు,” అంది.

చదివాను. పదిహేడో నంబరు మనిషి, ఆమె పేరు ఇంటిపేరుతో మొదలుపెట్టి తండా పేరు దాకా, ఇద్దరూ ఒక్కరే. కింద నా పేరు, నిండుగా.

ఆమె కార్డును కవరులో పెట్టి మడిచింది.

“ఆఁ, నేనే,” అంది. “రా, కూసో. చాయ్ వెడ్త.”